నీళ్లు పడితేనే

దుత్తలూరు మెట్టల్లో బోరు వేయించే రైతులు ముందుగా మాలకొండయ్యను పిలుస్తారు. అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టి, కళ్లు సగం మూసి, ఆయన చేనంతా తిరుగుతాడు. కాయ నిక్కి నిలబడ్డ చోట మడమతో గుంట చేస్తాడు. "నీళ్లు పడితేనే నా వెయ్యీ ఇయ్యండి. పడకపోతే నాకేం వద్దు" అంటాడు. కాగితం లేదు, అక్కడే తవ్వించాలన్న బలవంతమూ లేదు. బోరు లారీవాళ్లది అట్లా కాదు. ముందే ఇరువైపులా సంతకాలు. ఆపైన నీళ్లొచ్చినా దుమ్మొచ్చినా అడుగుకింతని కట్టాల్సిందే. "సంతకం పెట్టినోడు ఇరుక్కున్నట్టే" అని మాలకొండయ్య నవ్వుతాడు.

మొన్న ఆయన సొంత చేలోనే కాయ నిలబడింది. లారీ యజమాని సురేశ్‌బాబు కాగితం చాపాడు. మాలకొండయ్య పెన్ను పట్టుకుని, "నీళ్లు పడితేనే డబ్బులిస్తా, సరేనా?" అన్నాడు. "చోటు చూపించినోడివి నువ్వే గదన్నా! ఇంకా అనుమానమేంది?" అన్నాడు సురేశ్‌బాబు. మాలకొండయ్య పెన్ను తిరిగిచ్చేశాడు. ఆ పూట ఆయన భార్య రోశమ్మ ఆ కాయతోనే పచ్చడి నూరింది.