చల్లగా ఉంచాల్సిన పాలు

న్యుమోనియా తగ్గగానే మా ఏడేళ్ల పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. భద్రాచలంలో డాక్టరు చూసి, "న్యుమోనియాకు వాడిన యాంటీబయాటిక్స్ కడుపులో ఉండే మంచి బ్యాక్టీరియాను కూడా చంపినయమ్మా. ఓఆర్ఎస్ ఆపొద్దు. దాంతోపాటు ఈ ప్రోబయోటిక్ పాలు తాపియ్యి, వీటిల బతికున్న మంచి బ్యాక్టీరియా ఉంటది. చల్లగా ఉంచాలె," అన్నాడు.

"తాగితే తగ్గుతదా సార్?"

"కొందరికి పనిచేస్తది, కొందరికి చెయ్యదు. చూద్దాం."

పులియబెట్టిన ఆ పాల సీసాలను ఐసుగడ్డలతో సంచిలో పెట్టుకుని, పాపతో మా ఊరు చర్లకు బస్సెక్కాను. గుంతల రోడ్డు మీద బస్సు ఈడ్చుకుంటూ వెళ్లింది. దిగేసరికి సంచిలోంచి నీళ్లు కారుతున్నాయి. ఇంట్లో చూస్తే, గాలివానకు కరెంటు పోయి ఫ్రిజ్ లోపల కూడా వెచ్చగా ఉంది. పక్కింటి పెద్దమ్మ కుండలో తడి ఇసుక పోసి ఇస్తే సీసాలను అందులో పాతిపెట్టాను.

"లోపలి బ్యాక్టీరియా బతికుందో సచ్చిందో ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?"

"కంటికి కనబడనిదాన్ని ఏం చూస్తం బిడ్డా. తాపియ్యి."

పాప కొంచెం తాగి, "పుల్లగుందమ్మా," అని మొహం తిప్పుకుంది. బతిమాలితే మిగతాది తాగింది. కాసేపటికే మళ్లీ కడుపు పట్టుకుంది. ఎత్తుకుంటే చేతుల్లో బరువే తెలియలేదు. కడిగి, ఒళ్లో పడుకోబెట్టుకుని, చెంచాతో ఓఆర్ఎస్ నీళ్లు పోయడం తప్ప నాకేమీ చేతకాలేదు.

వారం గడిచేలోపు విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. ఆ పాల వల్లేనా అని డాక్టరును అడిగాను.

"చెప్పలేనమ్మా."

"మళ్లీ న్యుమోనియా వస్తే?"

"మళ్లీ ఆ యాంటీబయాటిక్సే వాడాలె," అన్నాడు.