నారింజ మరుగుజ్జు బోర్డు

నిన్న పొద్దున నందిగామ కోర్టు వరండాలో ఉన్నాను. పిన్ని ఫోన్.

"అమ్మలూ... మీ బాబాయ్ లేరే. నిద్రలోనే పోయారు."

ఒక్క నిమిషం ఎవరి గురించి చెబుతోందో బుర్రకెక్కలేదు. మొన్న శనివారమేగా, నా కళ్ళజోడు స్క్రూ వదులైందని బిగించి ఇచ్చారు.

జగ్గయ్యపేటలో కళ్ళజోళ్ళ షాపు రత్నం గారు. మాకు చుట్టం కాదు, షాపు మా వీధి చివర. అయినా వీధంతటికీ బాబాయే.

ఇవాళ నల్లకోటు వేసుకుని నలుగురిలో నోరు విప్పుతున్నానంటే అది ఆయన చలవే. ఎలాగో చెబుతాను.

ఏడో క్లాసులో నా ఎత్తు చూసి అందరూ "మరుగుజ్జు" అనేవారు. ఇక బడికి పోనని మొండికేసి వారం అయింది. అమ్మ తిట్టి తిట్టి ఊరుకుంది. నాన్న "పోనీ, మానేయనీ" అనేశారు.

ఆ జనవరిలో ఒక సాయంత్రం అమ్మ పాలప్యాకెట్‌కి పంపింది. నారింజ రంగు గౌను వేసుకుని ఉన్నాను. బాబాయ్ షాపు ముందు నల్లబోర్డు మీద ఇంతింత అక్షరాలు:

"నేడు చీకటి పడగానే మేడ మీద నారింజ మరుగుజ్జు చూపబడును. అందరూ రండి. ఉచితం."

బోర్డు చూశాను. నా గౌను చూసుకున్నాను. ఒళ్ళు మండింది.

అరచేత్తో మొత్తం తుడిచేశాను. "నన్ను ఎగ్జిబిషన్ పెడతారా?" అని ఆయన మొహం మీదే అరిచి ఏడ్చాను.

ఆయనకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వలేదు. అది నేను మర్చిపోలేను.

"అయ్యో తల్లీ, నీ గురించి కాదమ్మా. ఒక చుక్క గురించి. రా, చూద్దువుగాని."

మేడ మీద చెయ్యి చాచి కొలిచారు. వరసగా మూడు చుక్కలుండే గొల్లకావడి నుంచి పడమరగా, కొంచెం కిందికి, జానన్నర. అక్కడ ఒక చిన్న చుక్క. పేరు ఎప్సిలాన్ ఎరిడాని. తన టెలిస్కోపులో కూడా చూపించారు. అందులోనూ చుక్కే.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. మన సూర్యుడి కన్నా చిన్నది. వేడి తక్కువ, అందుకే నారింజ రంగు. వెలుగు మూడో వంతు. వయసులో పసిది కదా, గిర్రున తిరుగుద్ది, పదకొండు రోజులకో చుట్టు."

"మరి మరుగుజ్జని ఎందుకు?"

"మన సూర్యుణ్ణి కూడా మరుగుజ్జనే అంటారమ్మా. భారీ నక్షత్రాలు భగ్గుమని మండి తొందరగా అయిపోతయ్. ఇట్టాంటియ్యి సన్నసెగ మీద కాలతయ్. సూర్యుడు ఆరిపోయే వయసొచ్చినా ఇది ఇంకా వెలుగుతానే ఉంటది."

మళ్ళీ ఆ చుక్క వైపు వేలు చూపించి అన్నారు. "ఇప్పుడు నీ కంట్లో పడ్డ వెలుగు అక్కడ బయల్దేరి పదిన్నరేళ్ళయింది. నువ్వప్పుడు తప్పటడుగులేస్తున్నావ్."

సోమవారం బడికెళ్ళాను. గేటు దగ్గరే ఎవరో "మరుగుజ్జు" అన్నారు.

"సూర్యుడు కూడా" అన్నాను. వాళ్ళకేం అర్థం కాలేదు. నాకు చాలు.

తర్వాత ఏడాది నుంచి బోర్డు మీద "నారింజ చుక్క" అని రాసేవారు. నా కోసం ఆ మాట తీసేశారు. పర్లేదు బాబాయ్, రాయండి అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

"నువ్వు చెరిపింది నేను రాయను. కావాలంటే నువ్వే రాసుకో."

నవ్వి ఊరుకునేదాన్ని. థాంక్స్ కూడా ఎప్పుడూ సరిగా చెప్పలేదు. మొదలుపెట్టబోతే చాలు, "ముందు ఆ కళ్ళజోడు తుడుచుకో" అని మాట మార్చేసేవారు.

నిన్న అన్నీ అయ్యాక షాపు దగ్గరికి వెళ్ళాను. షట్టర్ వేసి ఉంది. బోర్డు ఖాళీగా ఉంది.

పిన్ని గుమ్మంలోంచి అంది. "ఆకాశం బాగుంది, రేపు బోర్డు పెట్టాలి అని పడుకున్నారే."

సుద్దముక్క అడిగి తీసుకున్నాను. నేను చెరిపిన మాట నేనే రాశాను. నారింజ మరుగుజ్జు చూపబడును.

చీకటి పడగానే, పలకరించడానికి వచ్చినవాళ్ళే ఓ పదిమంది మేడెక్కారు. అందరికీ చెయ్యి చాచి కొలిచి చూపించాను.

నా చెయ్యి పొట్టిది బాబాయ్. నా జానా పొట్టిదే. అయినా సరిగ్గా జానన్నరే వచ్చింది.

థాంక్స్ బాబాయ్. ఇదిగో, కళ్ళజోడు తుడుచుకుంటున్నా.

మీరు హాయిగా, నిశ్చింతగా పడుకోండి.