చూడిగేదెను దాచిన రోజు

పశువులకు గాలికుంటు టీకా వేసేవాళ్లు మా పల్లెకు వచ్చిన రోజు నేను మిరపకోతకు పోలేదు. దొడ్లో పత్తికట్టె మోపుల వెనక మా చూడిగేదెను కట్టేశాను. అరవకుండా కుడితి తొట్టి ముందు పెట్టి, ఏమీ ఎరగనిదానిలా వాకిట్లో పిడకలు చేస్తూ కూర్చున్నాను. సూది పొడిస్తే కడుపులో దూడ పడిపోతుందని మా వాడంతా అనుకునేవాళ్లు. ఎవరి గేదెకు పడిపోయిందో ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అంతకుముందు ఈతలో దూడ పుట్టీపుట్టగానే పోయింది. ఈసారైనా పెయ్యదూడ పుట్టి బతకాలని ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఏడ్చినదాన్ని.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు టీకాల ఐసుపెట్టె భుజాన వేసుకుని వచ్చారు.

"మీకు గేదె ఉండాలిగా అమ్మా?"

"అమ్మేశామండి," అన్నాను.

ఆయన నా చేతుల వంక చూశారు. మోచేతుల దాకా పచ్చి పేడ!

"పేడ మాత్రం అమ్మలేదన్నమాట. చూడిదైతే నెమ్మదిగా పట్టుకుని వేస్తానమ్మా, ఏం కాదు. ఐసు కరిగేలోగా ఇంకో ఊరు పోవాలి, తొందరగా చెప్పు."

నేను తలెత్తలేదు. పిడక మీద పిడక చరుస్తూనే ఉన్నాను. ఆయన వెళ్లిపోయారు. ఎంత తెలివిగలదాన్నో అని నాలో నేనే మురిసిపోయాను, నా మొహం మండ!

మూడు వారాలకు గేదె ఈనింది. పెయ్యే. నుదుట తెల్లచుక్క. కళ్లాల్లో మిరపకాయలు ఇంకా ఎండుతుండగానే ఊళ్లోకి గాలికుంటు వచ్చింది. ఒక పొద్దున లేచి చూస్తే మా గేదె నోటి వెంట తీగలు తీగలుగా చొంగ. కాలు కింద మోపలేకపోతోంది. నోరు తెరిచి చూస్తే నాలుకంతా పుండ్లు. అబద్ధమాడిన నోరు నాది, పుండ్లు దాని నోటికి.

చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరిగెత్తాను. కాంపౌండరు గారు ఒక్క మాట అన్నారు, "అమ్మేసిన గేదె తిరిగొచ్చిందా అమ్మా?" అని. ఆ వెంటనే సైకిలెక్కి వచ్చి, మందునీళ్లతో నోరూ గిట్టలూ కడిగారు.

"గేదె బతుకుతుంది. దూడను మాత్రం దగ్గరికి వదలొద్దు. ఈ పాలు తాగితే దాని గుండె ఆగిపోతుంది. వేరే పాలు పట్టండి."

దూడను చావిట్లో కట్టేశాం. పక్కింటి మేకపాలు గొట్టంతో పోస్తే ఉమ్మేసింది. దూడ మూతి తగలందే గేదె చేపదు, పొదుగులోకి పాలు దించదు. పొదుగు రాయిలా గట్టిపడింది. ఇటు ఇది, అటు అది, రెండు రోజులు ఒకటే అరుపు. నా చెవుల్లో దూది పెట్టుకున్నా వినబడేది. నేను పడలేకపోయాను. రెండోనాటి సాయంత్రం, గేదె చేపేదాకానే, రెండు గుక్కలేగా, అనుకుని తాడు విప్పాను.

దూడ తోక ఎగరేసుకుంటూ వెళ్లి తాగింది. లాగినా రాలేదు. నిజం చెప్పొద్దూ, గట్టిగా నేను లాగనూ లేదు.

మర్నాడు పొద్దున చావిట్లో చిన్న గంతు వేసి, వేసినచోటే పడిపోయింది. మళ్లీ లేవలేదు. ఎవరి ప్రాణం కోసం గేదెను దాచానో ఆ ప్రాణమే పోయింది.

మా అత్త కన్నీళ్లు పెట్టుకోలేదు. దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాయించి, లోపల గడ్డి కూరించి, మూడోరోజు తెచ్చి గేదె ముందు నిలబెట్టింది. కాళ్ల చోట నాలుగు పత్తికట్టెలు. నుదుట తెల్లచుక్క అలాగే ఉంది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. పొదుగు పగిలిపోయేట్టుంది, పాలు పిండి పారబోయవే," అంది.

గేదె వాసన చూసింది. నాలుక చాపి నాకింది. ఉప్పు పుండ్లకు తగిలి తల వెనక్కి లాక్కుంది. మళ్లీ ముందుకొచ్చి నాకింది. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి.

పొదుగు చేపింది. నేను చెంబు పట్టుకోలేకపోయాను.