గీత పడిన చిప్పు

మా పక్కింటి అత్త నాపరాళ్లకు పాలిష్ పట్టేది. పని మధ్యలో బొటనవేలితో రాతిని తడిమి, "ఇంక ఆగు" అనేది. ఆ మాట తన చేతికే చెప్పుకునేది.

నేను నరసరావుపేట కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. చిప్పు లోపల ఏముంటుందో మైక్రోస్కోప్‌లో చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. పైనున్న నల్లటి పెంకు తీయబోయి, ఎమిరీ పేపర్ మీద రుద్ది రుద్ది నాలుగు చిప్పులు పాడుచేశాను. మర్నాడే క్లాసు. మిగిలినవి రెండే. సిగ్గు విడిచి ఒకటి అత్త చేతిలో పెట్టాను.

ఆమె తడి పేపర్ మీద మెల్లగా రుద్దింది. లోపలి బంగారు తీగల కొసలు చుక్కల్లా తేలగానే ఇంకా నున్నటి పేపర్ అందుకుంది. కాసేపటికి "ఇంక ఆగు" అంది. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, ఒకదాన్నొకటి తాకకుండా బారులు తీరిన సన్నటి గీతలు!

అత్త చానాసేపు చూసింది.

"ఏందమ్మాయ్, ఈ అడ్డగీత నాదేనా?"

మళ్లీ చూస్తేగానీ అది నాకు కనబడలేదు.

"అదెవరు చూస్తారు అత్తా?" అన్నాను.

"నేను చూశాగా! దీన్ని చేసినోళ్లు ఇంత పనిచేసి పెడితే నేను గీరిపెట్టా. ఆ రెండోది ఇటియ్యి."

రెండోది అయ్యేసరికి సాయంత్రమైంది. దాని మీద గీత లేదు.

అత్త వాళ్లు మాచర్ల వెళ్లిపోయి చాలా కాలమైంది. పాఠానికి ఇప్పటికీ ఆ రెండో చిప్పే వాడతాను. ఎవరైనా సోల్డరింగ్ అడ్డదిడ్డంగా చేసి, "లోపల ఎవరు చూస్తారు మేడం?" అంటే మాత్రం, మొదటిది తీసి మైక్రోస్కోప్ కింద పెడతాను.