నెత్తురొస్తదని ఆపేసిన బ్రష్

మా చిన్నాయన పోయిన బుధవారం పొద్దున ఆసుపత్రిలో చనిపోయాడు. చిగుళ్లలో పట్టిన చీము మెడలోకి దిగి ఊపిరి ఆడనివ్వలేదు. "పన్ను నొప్పికే సచ్చిపోతరా?" అని మేం బతుకుదెరువుకు వచ్చిన ఉధ్నాలో మా గల్లీ అంతా అడుగుతోంది. నొప్పే ఉంటే బతికేవాడేమో! నొప్పి లేకపోవడమే కొంప ముంచింది.

ఆయన బట్ట నేసే సాంచాలు నడిపేవాడు. దారం చుట్టిన కండె మార్చినప్పుడల్లా, సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కంట్లోంచి ఆ దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ఒకనాడు తెల్లదారం ఎర్రగా వచ్చింది. బట్ట ఖరాబైందని సేఠ్ తిట్టాడట. ఆ తర్వాత కొన్నాళ్లకు నాతో గొప్పగా చెప్పాడు: "బ్రష్ పెడితేనే నెత్తురొస్తుండె బిడ్డా, బంద్ చేసిన. గిప్పుడు సాఫ్!"

బ్రష్ బదులు పొగాకు పొడి రుద్దేవాడు. పొగాకు రోగాన్ని తగ్గించదు, నెత్తురును దాచిపెడుతుంది. అది నాకు తెలుసు. పాండేసరలో పళ్ల డాక్టరమ్మ దగ్గర పనిచేస్తాను కదా, వచ్చిన ప్రతివాళ్లకూ అప్పజెబుతాను: పంటి మొదట్లో పాచి నిలిచి గార కడుతుంది, చిగురు వాచి నెత్తురు కారుతుంది, తర్వాత పంటిని వదిలేస్తుంది, లోపల ఎముక కరుగుతుంది. షుగర్ ఉంటే ఇంకా తొందరగా. నెత్తురొచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమాలి, గార తీయించుకోవాలి, పొగాకు మానాలి.

ఇంట్లో మాత్రం ఒక్కసారే చెప్పాను. "చిన్నప్పుడు నీ పండ్లు తోమిందే నేను. నాకు నేర్పుతున్నవా?" అన్నాడు. నిజమే, మా అమ్మ కార్ఖానాకు పోతే నాకు ముఖం కడిగి జడలేసి బడికి పంపింది ఆయనే. నవ్వి ఊరుకున్నాను. సకినాలంటే ప్రాణమిచ్చే మనిషి వాటిని చాయ్‌లో నానబెట్టుకుని తింటున్నా, తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వుతున్నా, ఆయనకు షుగర్ ఉందని తెలిసీ ఊరుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

నిన్న పొద్దున చిన్నమ్మ నల్లా దగ్గర ముఖం కడుక్కుంటోంది. ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చూశానని గమనించి గబగబా నీళ్లు పోసేసింది.

"ఎప్పటిసంది చిన్నమ్మా?"

"రెండేండ్లాయె. మీ చిన్నాయన పరేషానైతడని చెప్పలే."

అక్కడే కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని నోరు తెరిపించాను. చిగుళ్లు ఉబ్బి ఉన్నాయి. ముందు పన్ను మీద మెల్లగా వేలు ఆనించాను. అది కదిలింది.