మందులక్క వైవా

ఆస్పత్రి మందుల కౌంటర్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆవిడను అందరూ మందులక్క అనే పిలుస్తారు. మందు చేతిలో పెట్టి ఊరుకునే రకం కాదు. ఎప్పుడు, ఎలా వేసుకోవాలో చెప్పి, "ఇప్పుడు మీరు చెప్పండి, ఏం అర్థమైంది?" అని అప్పజెప్పించుకుంటే గానీ సంచీ వదలదు. పెద్ద డాక్టరైనా సరే, తన బీపీ మాత్రల సంగతి బుద్ధిగా అప్పజెప్పాల్సిందే.

అలాంటి మనిషికి నలభై దాటాక ఫార్మసీలో మాస్టర్స్ చెయ్యాలని బుద్ధి పుట్టింది. చేదు మందు ఉమ్మేసే పిల్లల్ని చూసి చూసి, చేదు తెలియకుండా నోట్లో వేసుకోగానే విడిపోయే మాత్ర చెయ్యాలని పంతం పట్టింది. కోర్సులు గట్టెక్కాయి. సెమినార్ అయింది. ల్యాబులో చేసిన మాత్రల్లో సగం పిండైపోయినా, మిగతా సగంతో థీసిస్ నిలబడింది. ఇక వైవా ఒక్కటే మిగిలింది. గడువు ఈ టర్ముతో సరి. ఇది తప్పితే ఇన్నాళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

"అమ్మా, అక్కడున్నవాళ్లు నీ పేషెంట్లు కారు. గుర్తుంచుకో," అంది కూతురు, ల్యాప్‌టాప్ సంచీలో సర్దుతూ.

"ఆమాత్రం తెలీదుటే నాకు!"

తీరా వెళ్తే ముగ్గురు పరీక్షకుల్ని చూడగానే భయమేసింది. వాళ్లలో పెద్దాయన, "చేదు నాలుకకు తెలియకుండా ఎలా ఆపారు?" అని అడగ్గానే మాత్రం భయం ఎగిరిపోయింది. మందు రేణువుల మీద పూత వేశానని, అది నోట్లో కరగదని, కడుపులోకి వెళ్లాకే కరుగుతుందని విడమరిచి చెప్పి, కళ్లద్దాల మీదుగా ఆయన్ని చూస్తూ, "ఇప్పుడు మీరు చెప్పండి, ఏం అర్థమైంది?" అనేసింది.

పక్కన కూర్చున్న ఆమె థీసిస్ గైడు తల పట్టుకున్నాడు. మందులక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దాయన మాత్రం కుర్చీలో నిటారుగా సర్దుకుని, "పూత నోట్లో కరగదు, కడుపులో కరుగుతుంది," అని అప్పజెప్పేశాడు. ఎవరు ఎవరిని పరీక్షిస్తున్నారో ఆయనకు అప్పుడు తట్టింది. గది గొల్లుమంది.

ఆమెను కాసేపు బయట కూర్చోబెట్టి, మళ్లీ పిలిచారు. పెద్దాయన ముఖం గంభీరంగా పెట్టాడు.

"రెండు పట్టికలు సరిచేసివ్వండి. డిగ్రీ మీకు వచ్చినట్టే. ఏదీ, ఇప్పుడు మీరు చెప్పండమ్మా, ఏం అర్థమైంది?"

"రెండు పట్టికలు..." అని ఆగిపోయింది. సంతోషంతో కళ్లు నిండిపోయాయి.

"పూర్తిగా చెప్తేగానీ వదలను."

"నేను పాసయ్యానండీ," అంది మందులక్క.