చేపల పిన్ని బండి

మా పక్కింటి చేపల పిన్ని పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను గుడ్లవల్లేరు బస్సులో ఉన్నాను. కాలేజీ ముందే దిగి, ఎదురొచ్చిన బందరు బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

పిన్ని ఎప్పుడూ కూర్చునేది కాదు. టీ కూడా మోపెడ్ హ్యాండిల్ పట్టుకునే తాగేది. రేవులో చేపలు ఎత్తుకుని, ఐసు కరిగేలోగా గూడూరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రావాలి మరి. ఆమె నిలకడగా ఉండేది ఒక్క కార్బురేటర్ ముందే. యాక్సిలరేటర్ తిప్పగానే బండి దూకకుండా తటపటాయిస్తే "నసుగుతోంది" అనేది. అంతకన్నా మంచి మాట నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. నల్లపొగ వస్తే ప్లగ్ విప్పి మసి చూపించేది. పెట్రోలు ఎక్కువై ఇంజనుకు గాలాడటం లేదనేది. గాలి స్క్రూ కాస్త వదులు చేసి, ఆగి, చెవి పెట్టేది.

"చెవుల్లో ఆ తీగలు పీకేసి ఇటు విను, అమ్మాయ్," అనేది నాతో. వినడం నాకు అలా అలవాటైంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె కోడలు, మా వదిన, బేరానికి బయలుదేరింది. ఆ ఇల్లు గడవాలంటే ఆ బండి కదలాలి. ముందురోజు సాయంత్రం స్క్రూ తనే సరిచేసుకుంది. వాకిట్లో ఇంజను చక్కగా పలికింది. పొద్దున చేపల పెట్టె కట్టి కదిలించగానే నసిగి, నల్లపొగ కక్కి ఆగిపోయింది.

"నిన్న బాగానే ఉందిగదే," అంది వదిన. ఇంకోసారి ఆగితే రేపట్నుంచి రొయ్యల షెడ్డులో పనికి పోతానంది.

అప్పుడు పిన్ని మాట గుర్తొచ్చి వదినకు చెప్పాను: "ఖాళీ బండి ఎప్పుడూ బాగున్నాననే చెబుద్ది. బరువెక్కించి అడగాలి."

పెట్టె దించలేదు. కొంచెం నడపడం, ఆగడం, స్క్రూ రవ్వంత తిప్పడం, మళ్లీ నడపడం. నేను వెనకే పరుగు. వీధి చివరికొచ్చేసరికి పొగ పలచబడింది. వదిన వెనక్కి చూడకుండా సాగిపోయింది.

నాకు ఇంట్లో కాలు నిలవలేదు. కాలువ వంతెన ఎక్కుడులో ఆగిపోయిందేమోనని నడిచి వెళ్లాను. పెట్టెలోంచి కారిన ఐసు నీళ్లు తారు మీద చుక్కలుగా పడి ఉన్నాయి. బండి ఆగి ఉంటే అక్కడ మడుగు కట్టేది. ఎక్కడా కట్టలేదు. వంతెన దాటాక చుక్కలు ఇంకా ఎడంగా పడ్డాయి. గూడూరు వైపు ఒక్కొక్కటే ఎండకు ఆరిపోతున్నాయి.